అప్పగింతలు: మా ‘అయితేనో’ కథల గుంపు డైరీ

జూన్ 8, ఆదివారం

మే నెలలో మా ఆవిడ ఆపరేషన్ కోసం విశాఖలో పదకొండు రోజులు ఉండిపోయాను. పర్లాకిమిడి తిరిగొచ్చి, షాపు షట్టర్ ఎత్తి, ఫోన్లో మా కథల గుంపు తెరిచి చూశాను. ఆ పదకొండు రోజుల్లో వచ్చినవి ఇవి: లెక్కలేనన్ని గుడ్ మార్నింగ్ బొమ్మలు, ఒక చిట్టీల ప్రకటన, “ఈ నెల మాట ఎప్పుడిస్తారు?” అని నలుగురి ప్రశ్న.

నెల మాట అంటే ఆ నెల కథలకి మేమిచ్చే విషయం. అది వేసేది నేను. గుంపులో మూడు వందల నలభై మంది ఉన్నారు, నేను కాక ముగ్గురు అడ్మిన్లున్నారు. ఒక్కరూ వేయలేదు. ఎందుకని అడిగితే ముగ్గురూ ఒకటే జవాబు: “మీరొచ్చి వేస్తారు కదా అని.”

కోపం వచ్చింది. రాత్రికి దిగింది. తొమ్మిదేళ్ళుగా ఎవరు ఏది ముట్టుకోబోయినా “ఉండండి, నేను చూసుకుంటా” అన్నవాణ్ణి నేనే మరి.

అందుకే ఈ డైరీ. పని: గుంపును ఇంకొకరి చేతిలో పెట్టడం. గడువు: ఆగస్టు 29, గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు. ఆయన పాఠాలు చెప్పిన ఊరు మాది, ఆ మాత్రం ముచ్చట ఉంటుంది.

మా గురించి నాలుగు ముక్కలు. 2016లో వాట్సాప్‌లో మొదలుపెట్టాం. అప్పట్లో ఒక గుంపులో 256 మందే పట్టేవారు. ఆ లెక్కతో మాకేం పని, మేమున్నది పదకొండు మందిమి. పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం, రాయగడ, జయపురం: ఒడిశాలో ఉంటూ ఇంట్లో తెలుగు మాట్లాడుకునేవాళ్ళం. తర్వాత అటు మహారాష్ట్ర నుంచి సిరొంచ, బల్లార్షా వాళ్ళు కలిశారు. సైన్స్ ఫిక్షనూ, దెయ్యాలూ, జరగని చరిత్రా అన్నీ రాస్తాం. ఇంగ్లిషువాళ్ళు స్పెక్యులేటివ్ ఫిక్షన్ అంటారు. “ఇలా కాకుండా అలా అయితేనో?” అన్న ప్రశ్నలోంచి పుడతాయి కాబట్టి మేము అయితేనో కథలంటాం. జనం పెరిగాక 2019లో టెలిగ్రామ్‌కి మారాం.

జూన్ 15

పెళ్ళిళ్ళ సీజన్ అయిపోయింది, షాపులో ఈగలు. మాది డీటీపీ. ఒకవైపు ఒడియా, ఒకవైపు తెలుగు ఉన్న శుభలేఖలు మా తిండి. ఖాళీ దొరికింది కదా అని నోటుబుక్కులో నిలువుగా ఒక గీత గీశాను. ఎడమ పక్కన ‘తాళాలు ఉన్నవి’, కుడి పక్కన ‘తాళాలు లేనివి’.

ఎడమ పక్క పది నిమిషాల్లో అయిపోయింది. టెలిగ్రామ్ గుంపు, జీమెయిల్, కథలు దాచిన గూగుల్ డ్రైవ్, ఏటా వేసే సంకలనం ప్రెస్ ఫైళ్ళు, చందాల లెక్క (ప్రస్తుతం చేతిలో 4,150 రూపాయలు).

కుడి పక్క సాయంత్రం దాకా రాస్తూనే ఉన్నాను. కొన్ని:

బరంపురం మాస్టారిని కథ మీద మొదట మాట్లాడనివ్వకూడదు. మూడోవాడిగా పిలవాలి. ఆయన మొదలుపెడితే మిగతావాళ్ళు ఆయన మాటే తిప్పి చెబుతారు.

రాయగడ ఆవిణ్ణి కార్తీకంలో కథ అడగకూడదు. వాళ్ళాయన పోయిన నెల.

సిరొంచ కుర్రాడు “పర్లేదండీ” అంటే పర్లేదని కాదు.

సిగ్గుపడాల్సిన విషయం ఏమిటంటే, ఇందులో ఒక్కటి కూడా మిగతా అడ్మిన్లకి ఎప్పుడూ చెప్పలేదు.

జూన్ 22

ఎవరికివ్వాలి? మాస్టారికి డెబ్బై రెండు. “నాకెందుకోయ్ ఈ వయసులో పెత్తనం” అన్నారు గానీ, అడిగినందుకు సంతోషించారు. రాయగడ కుర్రాడొకడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్. “అంకుల్, నెలకోసారి కథ రాయడానికే టైమ్ లేదు” అని తప్పించుకున్నాడు. మూడో పేరు గుణుపురం అమ్మాయి. ఇరవై ఆరేళ్ళు, రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్.

ఆ అమ్మాయే ఎందుకంటే, ఇవాళ సమీక్షలో చూశాను.

మా సమీక్ష పద్ధతి మేము కనిపెట్టింది కాదు. 1956లో అమెరికాలో మిల్‌ఫర్డ్ అనే ఊళ్ళో డేమన్ నైట్, జుడిత్ మెరిల్, జేమ్స్ బ్లిష్ మొదలుపెట్టిన రచయితల కూటాల నుంచి వచ్చింది. అక్కణ్ణించే 1968లో మొదలైన క్లారియన్ శిబిరాలు కూడా దాన్ని తీసుకున్నాయి. అందరూ కథ ముందే చదివి రావాలి. వరసగా ఒక్కొక్కరూ చెప్పాలి. అంతసేపూ కథ రాసినవాళ్ళు నోరు మెదపకూడదు. చివర్లో మాత్రమే వాళ్ళ వంతు. మేము రెండో, నాలుగో ఆదివారాల్లో వాయిస్ చాట్‌లో చేస్తాం. తెలుగువాళ్ళతో ఈ మౌనం పాటింపజేయడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

ఇవాళ బల్లార్షా బొగ్గుగని కథ మీద అందరూ సాంకేతికం మాట్లాడారు. ఈ అమ్మాయి వంతు వచ్చినప్పుడు, “గనిలో ఉన్న దెయ్యానికి ఊపిరాడనట్టు రాశారు. దెయ్యానికి ఊపిరి ఎందుకు అని నాకు అనుమానం రాలేదు. కథ అయ్యాక వచ్చింది. అంటే కథ బాగున్నట్టా, నేను సరిగ్గా చదవనట్టా?” అంది. చాట్‌లో నవ్వులు. రాసినాయన చివర్లో చెప్పింది ఆ ఒక్క ప్రశ్న గురించే.

ఆ అమ్మాయికి ఫోన్ చేసి అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు.

“బాబాయ్, నాకు తెలుగు సరిగ్గా రాయడం రాదు కదా. నేను చదివిందంతా ఒడియా మీడియం. మాస్టారు ఏటంటారో?”

“మాస్టారి సంగతి నాకొదిలెయ్యమ్మా” అన్నాను. అన్న వెంటనే నాలిక కరుచుకున్నాను. మళ్ళీ అదే మాట.

జూన్ 28

నిన్న రథయాత్ర. ఇవాళ జీమెయిల్ సంగతి.

గుంపు జీమెయిల్‌కి రికవరీ నంబరుగా నేను 2017లో వాడిన సిమ్ ఉంది. రీఛార్జ్ మానేసి చాలాకాలమైంది. ఆ నంబరుకి చేస్తే ఎవరో ఎత్తారు, ఒడియాలో “కిఎ?” (ఎవరు?) అన్నాడు. నంబరు వేరేవాళ్ళకి ఇచ్చేశారన్నమాట. నా సంగతంతా చెప్పి, “మీకొక కోడ్ వస్తుంది, కాస్త చదివి పెడతారా” అన్నాను. టక్కున పెట్టేశాడు. పావుగంట తర్వాత మళ్ళీ చేస్తే బ్లాక్. నేనైనా అదే చేస్తాను. ఓటీపీ చెప్పమని అడిగే పెద్దమనిషిని ఎవరు నమ్ముతారు?

అదృష్టం, షాపులో పాత కంప్యూటర్లో ఆ అకౌంట్ ఇంకా తెరిచే ఉంది. పాస్‌వర్డ్ కూడా గుర్తుంది. అక్కణ్ణించే రికవరీ నంబరు మార్చాను. ఆ కంప్యూటర్‌ని పోయిన నెలలో పాత సామాన్లవాడికి ఇవ్వబోయి, బేరం కుదరక ఆగాను.

జులై 6

ఈ వారమంతా డ్రైవ్‌తోనే సరిపోయింది.

పైనున్న ఫోల్డర్ గుణుపురం అమ్మాయి పేరుకి మారిస్తే లోపలివన్నీ మారిపోతాయనుకున్నాను. మారవు. ఫోల్డర్ వేరు, లోపలి ఫైళ్ళు వేరు. ఒక్కో ఫైలూ ఎవరు తయారుచేస్తే వాళ్ళ సొత్తు. నా పేరున ఉన్నవాటికి నేను పంపాలి, ఆమె సరేనని ఒప్పుకోవాలి. కొన్ని మాస్టారి పేరున, కొన్ని బెంగళూరు కుర్రాడి పేరున ఉన్నాయి. 2018కి ముందువి ఏవీ లేవు. ఆ ఏడాది అక్టోబర్ 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు షాపులోకి నీళ్ళొచ్చి హార్డ్ డిస్క్ పోయింది. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కూర్చిన మొదటి రెండేళ్ళ కథలు దాంట్లోనే ఉన్నాయి. సగం పాత ఫోన్లలోంచి ఏరుకున్నాం. మిగతా సగం ఎవరికీ గుర్తు కూడా లేదు.

ఇరవై ఏడు ఫైళ్ళు జయపురం పెద్దాయన పేరున ఉన్నాయి. ఆయన 2024 జనవరిలో పోయారు. రెండేళ్ళు వాడకపోతే గూగుల్ ఆ అకౌంట్ తీసేయవచ్చు. అంటే వచ్చే సంక్రాంతి నుంచి ఆ ఫైళ్ళకి భరోసా లేదు. నోటుబుక్కులో ఎడమ పక్కనా కుడి పక్కనా లేని సంగతి ఇది.

వాళ్ళబ్బాయికి ఫోన్ చేశాను. “నాన్నగారు కథలు రాసేవారని మాకు ఆయన పోయాకే తెలిసిందండీ. మీరు ఎలా బాగుంటుందనుకుంటే అలా చేయండి” అన్నారు. కాపీ తీస్తే ఫైలు మన పేరుకి వస్తుంది, కానీ పక్కన రాసిన వ్యాఖ్యలు ఊరికే రావు, వాటికి విడిగా ఒక టిక్కు పెట్టాలి. మొదటి మూడు టిక్కు పెట్టకుండా తీసి, మళ్ళీ తీశాను. పెద్దాయన వ్యాఖ్యలు కథల కన్నా బాగుంటాయి. నా కథ పక్కన ఒకచోట: “గ్రహాంతరవాసి కాఫీ అడిగాడు సరే. చక్కెర ఎన్ని చెంచాలో నాయుడు ఎందుకు అడగలేదు? మన జిల్లా మనిషి కాదా?”

ఇరవై ఏడూ అయ్యేసరికి రాత్రి పదకొండు. పని పెద్దది కాదు, చదువుతూ కూర్చున్నాను.

జులై 13

మాస్టారు మొదలుపెట్టారు. “ఆ అమ్మాయి మంచిదేనోయ్. కానీ అచ్చుతప్పులు చూశావా? ‘చేప్పాడు’, ‘పేట్టాడు’. గుంపును నడిపేవాళ్ళు అలా రాస్తే పదిమందిలో ఏం పరువు?”

నిజమే, ఆమె రాతలో ఎ, ఒ హ్రస్వాలన్నీ దీర్ఘాలుగా ఉంటాయి. తొందరలో టైపు చేస్తుందనుకునేవాణ్ణి. ఇవాళ అడిగాను. చెప్పింది విని డీటీపీవాణ్ణయ్యుండి ఇన్నేళ్ళూ పట్టించుకోనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. ఆమె కథ తెలుగులోనే ఆలోచిస్తుంది, ఒడియా అక్షరాల్లో టైపు చేస్తుంది. తర్వాత అక్షరముఖ అనే లిపి మార్చే సాధనంలో వేసి తెలుగు లిపిలోకి తెస్తుంది. ఒడియా లిపిలో ఎ, ఏ రెండింటికీ ఒకటే అక్షరం. ఒ, ఓలకీ అంతే. కంప్యూటర్లు అక్షరాలు గుర్తుపట్టే యూనికోడ్ పట్టికలో మన లిపులన్నిటినీ ఒకే వరసలో గడులుగా పేర్చారు. తెలుగు పట్టీలో ‘ఎ’ ఉన్న గడి ఒడియా పట్టీలో ఖాళీ. లేని అక్షరాన్ని సాధనం ఎక్కణ్ణించి తెస్తుంది? అన్నిటికీ దీర్ఘం పెట్టేస్తుంది.

అప్పుడు 2022లో ఆమె మొదటి కథ గుర్తొచ్చింది. అందులో ఒక వాక్యం: “నేల తిరిగేసరికి అతను ఆమేను మరిచిపోయాడు.” ఆ రోజు మాస్టారు పొంగిపోయారు. “భూభ్రమణాన్ని మనిషి మరుపుతో ముడిపెట్టింది, ఇదీ సైన్స్ ఫిక్షనంటే” అని అయిదు నిమిషాలు మెచ్చుకున్నారు. నియమం ప్రకారం ఆ అమ్మాయి చివరిదాకా నోరు విప్పలేదు. వంతు వచ్చాక మెల్లిగా అంది: “అది ‘నెల’ సార్.”

మాస్టారికి ఇదంతా చెప్పాను. కాసేపు ఊరుకుని, “అయితే ఆ కథలో నాకు నచ్చింది ఒడియా లిపా?” అన్నారు.

జులై 20

మాస్టారికి పూర్తిగా దిగలేదు. ఇవాళ కొత్త అభ్యంతరం: ఆమె సంభాషణల్లో ‘ఏటి’, ‘ఎలాగున్నారు’, ‘సెప్పు’ అని మా ప్రాంతం యాస ఉంటుందట, గుంపులో మర్యాద తగ్గుతుందట.

నాకు కోపం వస్తే గొంతు పెరుగుతుంది, కాబట్టి ఫోన్ చేయకుండా రాసి పంపాను. “మాస్టారూ, జనం మాట్లాడే భాషలో రాయాలని గిడుగు వారు వాదించింది ఈ ఊళ్ళో ఉంటూనే. సవరల దగ్గర కూర్చుని వాళ్ళ భాష నేర్చుకుని 1931లో దానికి వ్యాకరణం అచ్చు వేయించింది కూడా ఆయనే. ఈ ఊరి గుంపులో ‘ఏటి’ అంటే మర్యాద పోతుందని మీరు అనకూడదు.”

జవాబు రాలేదు. రెండు నీలం టిక్కులు మాత్రం వచ్చాయి. (వాట్సాప్‌లో పంపాను. టెలిగ్రామ్‌లో నీలం టిక్కులు ఉండవని మాస్టారే ఒకసారి నాకు నేర్పారు.)

జులై 27

మొదటిసారి సమీక్ష మొత్తం ఆమె నడిపింది. నెల మాట కూడా ఆమె ఇచ్చిందే: “1936 ఏప్రిల్ 1న సరిహద్దు గీత ఇంకోచోట పడి ఉంటే?”

మా వాళ్ళకి విడమరచి చెప్పక్కర్లేదు. ఆ రోజే ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది, పర్లాకిమిడి మద్రాసు నుంచి అటు వెళ్ళింది. మా ఊరి రాజావారు కృష్ణచంద్ర గజపతి 1937లో దానికి మొదటి ప్రధానమంత్రి (ఇప్పటి మాటలో ముఖ్యమంత్రి) అయ్యారు. పాతపట్నం ఆంధ్రాలో ఉంది, మేము ఒడిశాలో ఉన్నాం, మధ్యన ఆటో దూరం. తొమ్మిదేళ్ళలో ఈ మాట ఇవ్వాలని నాకు తట్టలేదు. తట్టలేదంటే అబద్ధం. గొడవలవుతాయని ఇవ్వలేదు.

పంతొమ్మిది కథలొచ్చాయి, ఎప్పుడూ రానన్ని. ఒకదాంట్లో గీత రోజూ రాత్రి జానెడు జరుగుతుంటుంది. పొద్దున్నే పిల్లలు బడికెళ్ళే ముందు తల్లి బయటికొచ్చి గీత ఎక్కడుందో చూసి, ఇవాళ ఏ భాష పుస్తకాలు సర్దాలో తేల్చుకుంటుంది. ఇంకొకదాంట్లో నౌపడ నుంచి గుణుపురం వెళ్ళే చిన్న రైలు, 1900లో అప్పటి రాజావారు పర్లాకిమిడి దాకా వేయించిన లైను, 2004లో ఆగిన బండి, రాత్రిళ్ళు ఇంకా నడుస్తుంటుంది. కానీ దానికి టిక్కెట్టు మద్రాసు ప్రెసిడెన్సీ డబ్బుల్లోనే కొనాలి.

నేను మైక్ ఆపుకుని విన్నాను. మూడుసార్లు జోక్యం చేసుకోబోయాను. ఒకసారి వేలు మైక్ మీద కూడా పెట్టాను. మా ఆవిడ వంటింట్లోంచి చూసి, “మీ కథ కాదు కదా ఇవాళ, మీకెందుకా టెన్షన్?” అంది.

ఆగస్టు 10

ఇది రాయక తప్పదు. మెషిన్ రాసిన కథలు వస్తున్నాయి. 2023 ఫిబ్రవరిలో క్లార్క్స్‌వరల్డ్ అనే అమెరికా సైన్స్ ఫిక్షన్ పత్రిక, అలాంటివి వరదలా వచ్చి పడుతుంటే కొన్నాళ్ళు కథలు తీసుకోవడమే ఆపేసింది. మాకు వరద లేదు గానీ నెలకి మూడో నాలుగో వస్తాయి. పట్టుకోవడం తేలిక. అన్ని కథల్లోనూ ఎవరో ఒకరు ‘చిరునవ్వుతో ఆకాశం వైపు’ చూస్తారు, ఎవరింట్లోనూ కరెంటు పోదు.

నా ఆలోచన సూటిది: దొరికితే తీసేయాలి. ఆమె ఒప్పుకోలేదు. “తప్పుగా పట్టుకుంటే, బాబాయ్? నా మొదటి కథ చూసి కూడా మెషిన్ అనుకోవచ్చు కదా, ఆ దీర్ఘాలతో.” ఆమె పెట్టిన నియమం: కథ పంపేవాళ్ళు దాంతోపాటు రెండు నిమిషాల వాయిస్ పంపాలి, ఈ కథ వాళ్ళకి ఎక్కడ తట్టిందో చెబుతూ. అంతే. వాయిస్ కూడా అబద్ధం చెప్పొచ్చు కదా అన్నాను. “సెప్పనీండి. ఆ అబద్ధమైనా వాళ్ళే ఊహించాలి కదా.”

నాకిప్పటికీ ఇది సరిపోతుందని నమ్మకం లేదు. డైరీలో రాసి ఊరుకున్నాను.

ఆగస్టు 29

ముహూర్తం దాటిపోయింది. చవితి పందిరి పాటలు హోరెత్తుతుండగా, సాయంత్రం ఆరింటికి అందరూ చూస్తుండగా గుంపు యాజమాన్యం ఆమె పేరుకి మార్చబోయాను. టెలిగ్రామ్ ఒప్పుకోలేదు. రెండంచెల పాస్‌వర్డ్ పెట్టుకుని ఏడు రోజులు దాటితేనే మార్చనిస్తుందట. నేను అసలు పెట్టుకోనే లేదు. ఇన్నేళ్ళుగా కొత్తవాళ్ళందరికీ “రెండంచెల పాస్‌వర్డ్ పెట్టుకోండి” అని చెప్పింది నేనే.

మాస్టారు రాసిపెట్టుకున్న ఉపన్యాసం చదివేశారు. చివర్లో అన్నారు: “అప్పగింతలప్పుడు ఆడపిల్లవాళ్ళు ఏడవాలి. ఇక్కడ తాళంకప్ప ఏడుస్తోంది.” నెలరోజుల తర్వాత ఆయన నవ్వించింది ఇదే. ఉపన్యాసంలో ‘ఏటి’ అన్న మాట రెండుసార్లు వాడారు. కావాలనే.

సెప్టెంబర్ 6

మారింది. రెండు నిమిషాల పని. నోటుబుక్కులో ఎడమ పక్కన అన్నిటికీ గీత కొట్టేశాను. కుడి పక్కవి ఆమెకి చదివి వినిపించాను. కొన్నిటికి “తెలుసు” అంది, కొన్నిటికి “అది మానేద్దాం” అంది.

సెప్టెంబర్ 14

అయిదేళ్ళ తర్వాత నా కథ సమీక్షకి పెట్టాను. మామూలు సభ్యుడిగా.

పొద్దున్న ఎనిమిదింటికి ఆమె ఫోన్.

“బాబాయ్, టిఫిన్ అయ్యిందా? ఇవాళ మీ కథ కదా. ఎవరు ఏటన్నా కాగితం మీద రాసుకోండి, అప్పుడే జవాబు వెతుక్కోకండి. మూడో పేజీ బాగుంది, నేను సెబుతున్నాను కదా.”

కొత్తగా కథ పెట్టినవాళ్ళకి సమీక్ష రోజు పొద్దున్నే నేను చేసే ఫోన్ ఇది. నోటుబుక్కులో లేదు. రాయడం మర్చిపోయాను.

“ఇది నీకెవరు చెప్పారమ్మా?”

“2022లో మీరు నాకు చేశారు కదా.” తర్వాత అంది, “ఇంకోటి బాబాయ్, మాస్టారిని మూడో వంతులో కాదు, మొదటే పిలుస్తున్నాను. మూడో వంతులో పెడితే ఆ ముందు ఇద్దరూ ఏటంటున్నారో రాసినోళ్ళకి వినపడదు. మాస్టారు వస్తున్నారనే భయంతోనే కూచుంటారు.”

పదింటికి చాట్ తెరిచింది. నేను మైక్ ఆపి, కాగితం, పెన్ను దగ్గర పెట్టుకున్నాను. మాస్టారు గొంతు సవరించుకున్నారు.

“రెండో పేరా దగ్గర మొదలుపెడదామోయ్” అన్నారు.